మానిటర్ ఊరికే అరవదు

మా బయోమెడికల్ డిపార్ట్‌మెంట్‌లో ఒక కంప్లైంట్ రిజిస్టర్ ఉంటుంది. ఏ వార్డులో ఏ మెషిన్ మొరాయించినా సిస్టర్లు ఫోన్ చేస్తారు, మేం అందులో రాసుకుని పైకి వెళ్తాం. పదహారేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, రెండు ఊళ్ళు, మూడు ఆసుపత్రులు మారా, రిజిస్టర్లు మారాయి గానీ అందులో ఎక్కువసార్లు కనపడే లైన్ మాత్రం మారలేదు. "ఐసీయూ, ఫలానా బెడ్, మానిటర్ ఊరికే అరుస్తోంది, చూడాలి." వెళ్ళి చూస్తే చాలాసార్లు మెషిన్‌లో ఏ లోపమూ ఉండదు. మా దగ్గర సిమ్యులేటర్ అని అరచేతిలో పట్టే డబ్బా ఒకటుంటుంది, అది నకిలీ గుండె, నిమిషానికి 60 అని పెడితే సరిగ్గా 60 కొట్టుకుంటుంది. కేబుల్ పేషెంట్ దగ్గర తీసి దానికి తగిలిస్తే మానిటర్ 60 అని శుభ్రంగా చూపిస్తుంది. మళ్ళీ పేషెంట్‌కి తగిలిస్తే మళ్ళీ అరుపులు. నేను "చెక్డ్, వర్కింగ్ ఫైన్" అని రాసి సంతకం పెట్టి కిందకొచ్చేసేవాణ్ణి. మొదటి పన్నెండేళ్ళు అలాగే రాశా. ఆ రాత తప్పు అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నా, అందుకే ఇదంతా రాస్తున్నా.

మెషిన్ బాగుంది, పేషెంట్ గుండె కూడా బాగానే కొట్టుకుంటోంది, మరి అరుపు ఎక్కడ్నుంచి వచ్చింది? ఆ రెండిటి మధ్యలోంచి. చర్మానికీ ఛాతీ మీద అంటించే స్టిక్కర్‌కీ మధ్య, స్టిక్కర్‌కీ వైరుకీ మధ్య, ఎంత దాటితే అరవాలో మెషిన్‌లో పెట్టిన లిమిట్‌కీ ఆ మంచం మీదున్న మనిషి ఒంటి తీరుకీ మధ్య. ఆ మధ్యలో ఉన్నదాన్ని చూసుకోవడం నేను చూసిన ఆసుపత్రుల్లో ఎవరి పనీ కాదు. ఇంజినీర్ మెషిన్ వరకు చూస్తాడు, డాక్టర్ పేషెంట్‌ని చూస్తారు, సిస్టర్ చేతిలో ఇద్దరు ముగ్గురు సీరియస్ పేషెంట్లు ఉంటారు, మందులు, సక్షన్, ఛార్టులు, పక్కకి తిప్పడం, దీనికి టైమెక్కడిది? ఆ మధ్యలో పని కూడా వైద్యమే, దానికో మనిషిని, కొంత టైముని లెక్కకట్టి కేటాయించాలి అన్నదే నా వాదన. అది చిన్న విషయంలా అనిపిస్తే మానిటర్ అసలు ఏం చూస్తుందో తెలియాలి ముందు.

మానిటర్ గుండెని చూస్తోంది అనుకుంటాం. చూడదండి. గుండె కండరం ముడుచుకునే ముందు దాని నిండా ఒక కరెంటు అల పాకుతుంది, ఒంట్లో అంతా ఉప్పునీరే కాబట్టి ఆ అల జాడ చర్మం దాకా వస్తుంది, వచ్చేసరికి అది మహా అయితే ఒక మిల్లీవోల్ట్, అటూ ఇటూ. టీవీ రిమోట్‌లో వేసే సెల్ ఒకటిన్నర వోల్ట్ కదా, దాన్ని పదిహేను వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఆ ముక్కని పట్టుకోవాలి, అదీ గోడలో 50 హెర్ట్జ్ కరెంటు, అంటే సెకనుకి 50 సార్లు ఊగేది, పక్కన మందులెక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు, ఎయిర్ బెడ్ మోటారు, పేషెంట్ సొంత కండరాల వణుకు, ఊపిరితో లేచి పడే ఛాతీ, వీటన్నిటి నడుమ.

దీన్ని మొదట బాగా పట్టుకున్నాయన నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊరి విలెమ్ ఐంథోవెన్, 1900 తర్వాత మొదటి ఏళ్ళలో. వెండి పూత పూసిన సన్నటి క్వార్ట్జ్ దారాన్ని పెద్ద అయస్కాంతం మధ్య వేలాడదీసి, గుండె కరెంటుకి అది ఎంత కదిలిందో ఫొటో తీసేవాడు. ఆ మెషిన్ బరువు 270 కిలోల దాకా, నడపడానికి ఐదుగురు మనుషులు. పేషెంట్ రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టి కూర్చునేవాడు. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని ఆ గీతలో ఒక్కో మెలికకీ మనం ఇవాళ పిలిచే పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ ఇచ్చారు. 270 కిలోల మెషిన్ ఇప్పుడు గోడకి తగిలించే పెట్టె అయింది గానీ ఆ ఉప్పునీళ్ళ తొట్టి మాత్రం పోలేదు, స్టిక్కర్ మధ్యలో తడిగా జిగటగా ఉంటుంది చూడండి, ఆ జెల్లే ఆ తొట్టి. అది ఎండిపోతే ఐంథోవెన్ తొట్లో నీళ్ళు పారబోసినట్టే. నూట ఇరవై ఏళ్ళ ఇంజినీరింగ్ అంతా ఆ రూపాయి బిళ్ళంత తడి మీద ఆధారపడి ఉంది, నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం ఇదే.

సరే, సిగ్నల్ వచ్చింది. ఇప్పుడు లెక్కెట్టడం. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది, పూర్తిగా బయట పెట్టరు కూడా. కానీ అసలు కిటుకు తెలుసుకోవాలంటే 1985లో జియాపు పాన్, విలిస్ టాంప్‌కిన్స్ అనే ఇద్దరు అచ్చేసిన పద్ధతి చదివితే చాలు, బయోమెడికల్ చదివిన ప్రతివాడూ ఒకసారైనా కోడ్ రాసి ఉంటాడు దానికి. సెకనుకి 200 సార్లు వోల్టేజీ కొలుస్తారు. ముందు జల్లెడ పడతారు, 5 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉన్నది ఉంచి మిగతాది వదిలేస్తారు, ఎందుకంటే గుండె కింది గదులు కొట్టుకున్నప్పుడు వచ్చే క్యూఆర్ఎస్ అనే నిటారు గీత బలమంతా దాదాపు ఆ మధ్యలోనే ఉంటుంది, ఊపిరి ఊగు దానికంటే నెమ్మది, కరెంటు గోల, కండరాల వణుకులో ఎక్కువ భాగం దానికంటే వేగం. తర్వాత ఎత్తు కాదు, ఏటవాలు చూస్తారు. ఇది చాలా తెలివైన పని. క్యూఆర్ఎస్ తాటిచెట్టులా నిలువుగా లేస్తుంది, దాని వెనకొచ్చే టీ వేవ్ గడ్డివాములా మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, ఎత్తులో ఒక్కోసారి రెండూ సమానమైనా ఏటవాలులో సమానం కావు. ఆ ఏటవాలుని వర్గం చేస్తారు, దాంతో పెద్దది ఇంకా పెద్దదవుతుంది, చిన్నది అణిగిపోతుంది. తర్వాత 150 మిల్లీసెకన్ల కిటికీలో అన్నీ కలిపి ఒక దిబ్బలా చేస్తారు. ఆ దిబ్బ ఒక గీత దాటితే బీట్, దాటకపోతే గోల.

ఆ గీత ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లోనే ఉంది అంతా. కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలిచేవాణ్ణి తలుచుకోండి, లాభం, రెండు, మూడు అంటూ పోతాడు, వాడి చెయ్యి ఒక లయకి అలవాటు పడుతుంది. మెషిన్ కూడా అంతే, గడిచిన బీట్లు ఎంత పెద్దవి, గోల ఎంత పెద్దది అని చూసుకుంటూ గీతని ప్రతి బీట్‌కీ కొంచెం పైకో కిందకో జరుపుకుంటుంది. ఒక బీట్ పడ్డాక 200 మిల్లీసెకన్ల వరకు ఏమొచ్చినా లెక్కలోకి తీసుకోదు, గుండె కండరం అంత త్వరగా మళ్ళీ ముడుచుకోలేదు కాబట్టి. 360 మిల్లీసెకన్ల లోపు ఏదైనా వస్తే అనుమానంగా చూస్తుంది, దాని ఏటవాలు వెనకటి బీట్‌లో సగం కూడా లేకపోతే ఇది టీ వేవ్‌లే అని వదిలేస్తుంది. మామూలు విరామానికి ఒకటిన్నర రెట్లు దాటి, పేపర్లో రాసిన లెక్క 166 శాతం, అంతసేపు ఏ బీటూ రాకపోతే వెనక్కి తిరిగి గీతని కిందకి దించి మళ్ళీ వెతుకుతుంది, ఏదైనా చిన్న బీట్ తప్పిపోయిందేమో అని. కుంచం పట్టినవాడు లయ తప్పగానే ఆగి, ఇందాక ఏడు అన్నానా ఎనిమిది అన్నానా అని కుప్ప వైపు చూసినట్టు.

నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం. ఆ రోజుల్లో దీన్ని జెడ్80 అనే చిన్న చిప్ మీద నడిపించారు, ఇవాళ పిల్లల బొమ్మల్లో కూడా అంతకంటే బలమైన చిప్ ఉంటుంది. అమెరికాలో ఎంఐటీ, బెత్ ఇజ్రాయెల్ హాస్పిటల్ కలిసి 1975 నుంచి 79 దాకా రికార్డ్ చేసిన 48 అరగంట టేపులు ఉన్నాయి, ప్రతి బీట్‌కీ డాక్టర్లు కూర్చుని పేరు పెట్టినవి, ప్రపంచమంతా ఇప్పటికీ వాటి మీదే పరీక్ష పెడుతుంది. వాటి మీద ఈ పద్ధతి 99.3 శాతం బీట్లు సరిగ్గా పట్టింది. అబ్బో అనిపిస్తుంది కదా. ఇప్పుడు ఒక లెక్క వేయండి. నిమిషానికి 70 చొప్పున రోజుకి లక్ష బీట్లు పైనే. లక్షలో 0.7 శాతం అంటే ఏడొందలు. ఒక్క పేషెంట్, ఒక్క రోజు, ఏడొందల తప్పులు. పది బెడ్ల ఐసీయూకి ఏడువేలు. కొత్త మెషిన్లు ఇంకా మెరుగే, అయినా లక్ష అనే అంకె ముందు ఎంత మెరుగైనా తప్పులు మిగులుతాయి, ప్రతి తప్పూ అలారం కాకపోవచ్చు గానీ అలారాలు పుట్టేది మాత్రం అక్కడ్నుంచే.

ఇప్పుడు ఆరో బెడ్ సంగతి.

నాలుగేళ్ళ కింద, వానాకాలం, రాత్రి రెండు దాటింది. నైట్ డ్యూటీలో ఉన్నా. ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఫోన్. "సార్, ఆరో బెడ్ మానిటర్ హార్ట్ రేట్ డబుల్ చూపిస్తోంది, 146 అంటోంది, చేత్తో చూస్తే 73 ఉంది, సాచురేషన్ క్లిప్ పల్స్ కూడా 73, మెషిన్ మార్చండి." స్పేర్ మానిటర్ ట్రాలీ మీద పెట్టుకుని వెళ్ళా. యాభై దాటినాయన, కిడ్నీ పేషెంట్, మెలకువగానే ఉన్నాడు, "ఆ గోల ఆపండి బాబూ" అన్నాడు నీరసంగా. కొత్త మానిటర్ తగిలించా. అదీ 146 అంది.

రెండు మెషిన్లకి ఒకేసారి ఒకే జబ్బు రాదు. అప్పుడు అంకె మీంచి కళ్ళు తీసి గీత వైపు చూశా. తాటిచెట్టు పక్కన గడ్డివాము ఉండాల్సిన చోట ఇంకో తాటిచెట్టు ఉంది. టీ వేవ్ పొడుగ్గా, సన్నగా, మొనదేలి, గుడారం గుంజలా నిలబడింది, క్యూఆర్ఎస్ మొన అయిన ఆర్ వేవ్‌తో సమానంగా. మెషిన్ నేర్చుకున్నది ఏటవాలు కదా, ఈ టీ వేవ్ నిటారుగా లేస్తుంటే పాపం అది దాన్ని కూడా బీటే అనుకుంది, ఒక్కో గుండె చప్పుడికి రెండు లెక్కేసింది. గుండెని ఏ కోణంలోంచి చూస్తున్నామో దాన్ని లీడ్ అంటాం, నేను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి లీడ్ రెండు నుంచి లీడ్ ఒకటికి మార్చబోతున్నా, అక్కడ టీ చిన్నగా ఉంటే అంకె సర్దుకుంటుంది, మా ట్రైనింగ్‌లో నేర్పింది అదే. సిస్టర్ నా చెయ్యి ఆపింది. "ఉండండి సార్, ఈయనకి నిన్న డయాలసిస్ మిస్సయింది, పొటాషియం పెరిగిందేమో" అని అప్పటికే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ కలుపుతోంది. ఆయన వచ్చి పన్నెండు లీడ్ల ఈసీజీ తీయించారు, రక్తం పంపారు. పొటాషియం 7.1. మామూలుగా ఐదు దాటకూడదు, అంత పెరిగితే టీ వేవ్ అలా మొనదేలుతుంది. కాల్షియం ఇచ్చారు, ఇన్సులిన్ డెక్స్‌ట్రోజ్ ఇచ్చారు, టెక్నీషియన్‌ని ఇంటి నుంచి పిలిపించి డయాలసిస్ మొదలెట్టారు. నేను వెళ్ళిపోవచ్చు గానీ వెళ్ళలేదు. తెల్లారుతుండగా టీ వేవ్ మెల్లగా కిందకి దిగడం స్క్రీన్ మీద చూశా, ఒక దశలో అంకె 150, 76, 148, 75 అని ఊగిసలాడి, ఆఖరికి 76 దగ్గర నిలబడింది. నేను ఏ బటనూ నొక్కలేదు.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఏంటంటే 146 అనేది తప్పు అంకె, కానీ ఆ తప్పులోనే అసలు కబురు ఉంది. నేను లీడ్ మార్చేసి అంకె సరిచేసి, "చెక్డ్, వర్కింగ్ ఫైన్" అని రాసి వెళ్ళుంటే నా లెక్కలో నేను పని చక్కగా చేసినట్టే. అంతకు ముందు ఎన్నిసార్లు అలా చేసి వెళ్ళానో! ఎంత పెద్ద టీ వేవ్ వరకు ఈ మెషిన్ మోసపోదు అన్నది ప్రతి మానిటర్ మాన్యువల్ వెనక పేజీల్లో రాసి ఉంటుంది, స్టాండర్డ్ ప్రకారం రాయాలి కూడా. ఆ పేజీ నేను మొదటిసారి చదివింది ఆ మర్నాడు.

ఇంకో సంగతి. మానిటర్ లెక్కెట్టడంతో ఆగదు, ప్రతి బీట్‌కీ పేరు కూడా పెడుతుంది. తగిలించిన కొత్తలో కొన్ని బీట్లు చూసి ఇది ఈ మనిషి మామూలు బీట్ అని ఒక అచ్చు తీసుకుంటుంది, తర్వాత వచ్చే ప్రతిదాన్నీ ఆ అచ్చుతో పోలుస్తుంది, ముందుగా వచ్చి వెడల్పుగా వేరే ఆకారంలో ఉంటే కింది గదుల నుంచి పుట్టిన బీట్ అంటుంది, అలాంటివి వేగంగా వరసగా పడితే వీటీ, అంటే కింది గదుల నుంచి పుట్టే ప్రమాదకరమైన దడ, అని ఎర్ర అలారం కొడుతుంది. ఇప్పుడు పేషెంట్ పొద్దున లేచి పళ్ళు తోముకుంటున్నాడు అనుకోండి. ఆ చెయ్యి ఊపు, ఆ వైరు ఊపు, స్క్రీన్ మీద అచ్చం వీటీలాగే పడుతుంది. పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన చెయ్యి సెకనుకి నాలుగైదు సార్లు వణుకుతుంది, అది కూడా గుండె గతి తప్పినట్టే కనపడుతుంది. ఫిజియోథెరపీవాళ్ళు వీపు మీద తట్టినా అంతే. అలాంటప్పుడు వేలికి పెట్టిన సాచురేషన్ క్లిప్ ఇచ్చే పల్స్ గీత చూస్తే అది హాయిగా తన లయలో తను పోతుంటుంది, దొంగ ఎవరో తేలిపోతుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది, అది భయపెట్టేది. పేస్‌మేకర్ ఉన్న మనిషికి మెషిన్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేయకపోతే, రెండు మిల్లీసెకన్లు కూడా ఉండని ఆ పేస్‌మేకర్ పోటునే మెషిన్ బీట్ అనుకోవచ్చు, లోపల గుండె ఆ పోటుకి స్పందించడం మానేసినా స్క్రీన్ మీద 70 అని ఉంటుంది. పల్స్ లేకుండా ఈసీజీ మాత్రం అందంగా నడిచే స్థితి ఒకటుంది, కరెంటు పోతోంది గానీ గుండె పిండడం లేదు, ఈసీజీ ఆ తేడా చూపించలేదు. ఊపిరి అంకె కూడా చాలా మానిటర్లలో ఈ ఛాతీ స్టిక్కర్ల నుంచే వస్తుందని తెలుసా? వాటి గుండా సన్నటి హై ఫ్రీక్వెన్సీ కరెంటు పంపి ఛాతీ లేచి పడుతుంటే నిరోధం ఎంత మారుతోందో చూస్తుంది. గొంతులో దారి మూసుకుపోయి ఛాతీ ఊరికే కొట్టుకుంటున్నా ఊపిరి 22 అని చూపించగలదు. కాబట్టి మానిటర్ బాగుంది అంటే మనిషి బాగున్నాడు అని కాదు, మానిటర్ అరుస్తోంది అంటే మనిషి బాగాలేడు అనీ కాదు. అది ఒక సాక్షి. సాక్షి చెప్పింది ఎవరో ఒకరు వినాలి, ఎదురు ప్రశ్న వేయాలి.

వినడానికి ఎవరున్నారు అన్నదే అసలు బాధ. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో బార్బరా డ్రూ అనే నర్సింగ్ ప్రొఫెసర్, ఆమె టీం కలిసి ఐదు ఐసీయూల్లో 77 బెడ్లు, 31 రోజులు, ప్రతి అలారాన్నీ రికార్డ్ చేశారు, 2014లో అచ్చయింది. మొత్తం 25 లక్షల 58 వేలు దాటాయి. అందులో చెవికి వినపడేవే బెడ్‌కి రోజుకి 187. గుండె గతి తప్పింది అన్న అలారాలు పన్నెండు వేల ఆరొందల పైచిలుకు తీసి ఒక్కొక్కటీ మనుషులు కూర్చుని చూస్తే 88.8 శాతం ఉత్తివి. అంత డబ్బున్న ఆసుపత్రిలో పరిస్థితి అది. రోజుకి 187 సార్లు ఎవరైనా మిమ్మల్ని పిలిచి ఏమీ లేదంటే 188వ సారి మీరు లేస్తారా? సిస్టర్ నిర్లక్ష్యం అని అటెండెంట్లు తిడుతుంటారు, నాకు ఆ మాట వింటే చాలా కష్టంగా ఉంటుంది. అది నిర్లక్ష్యం కాదు, మనిషి చెవి చేసే పనే అది. అమెరికాలో ఆసుపత్రుల నాణ్యత చూసే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక ఇచ్చింది, మూడున్నరేళ్ళలో అలారాలకి సంబంధించి వాళ్ళ దగ్గరికొచ్చిన ఘటనలు 98, అందులో 80 మంది చనిపోయారు.

నా కళ్ళతో చూసింది చెప్తా. ఇంతకు ముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో, పేరొద్దు, రాత్రిళ్ళు నిద్ర పాడవుతోందని పేషెంట్లు కంప్లైంట్ చేస్తే మేనేజ్‌మెంట్ చెప్పింది, అన్ని మానిటర్ల వాల్యూం తగ్గించెయ్యండి అని. తగ్గించింది నేనే. పది మానిటర్లు, ఒక్కోటీ కిందకి. పది రోజుల తర్వాత ఒక పెద్దాయనకి అర్ధరాత్రి స్టిక్కర్ వైరు ఊడిపోయింది, దాన్ని కూడా లీడ్ అనే అంటాం. లీడ్ ఊడటం చాలా మెషిన్లలో చిన్న అలారం, చిన్న రంగు, చిన్న సౌండ్. ఎవరికీ వినపడలేదు. కానీ లీడ్ ఊడితే మెషిన్ గుడ్డిదవుతుంది కదా, గుండె ఆగినా అది చెప్పలేదు. నలభై నిమిషాలు ఆయన మంచం మీద మానిటర్ లేని మనిషిలాగే ఉన్నాడు. ఆ రాత్రి ఆయనకి ఏమీ కాలేదు, డిశ్చార్జ్ అయి వెళ్ళాడు. నాకు మాత్రం ఆ నలభై నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. అలారం గోలకి మందు వాల్యూం తగ్గించడం కాదు.

మరి మందేంటి? అదృష్టవశాత్తూ చవక మందే. జాన్స్ హాప్‌కిన్స్‌లో రెండు వార్డుల్లో ఇంకేమీ మార్చకుండా రోజూ స్టిక్కర్లు మార్చారంతే, బెడ్‌కి వచ్చే అలారాలు దాదాపు సగానికి పడిపోయాయి. బోస్టన్ మెడికల్ సెంటర్‌లో ఒక కార్డియాక్ వార్డులో లిమిట్స్ మళ్ళీ ఆలోచించి పెట్టి, అవసరం లేని అలారాలకి సౌండ్ తీసేసి, మిగిలిన వాటిని కచ్చితంగా వెళ్ళి చూడాల్సినవిగా చేసి, నర్సులకి పేషెంట్‌ని బట్టి లిమిట్ మార్చే అధికారం ఇస్తే వారానికి 87 వేల పైన ఉన్న అలారాలు పదివేల లోపుకొచ్చాయి.

మన దగ్గర స్టిక్కర్ సంగతి చూడండి. యాభై స్టిక్కర్ల ప్యాకెట్ చించి ట్రేలో పోసేస్తారు, ఏసీ గాలికి రెండు రోజుల్లో జెల్ ఎండిపోతుంది. ఊడిపోతే పైన ప్లాస్టర్ వేస్తారు, పేషెంట్ బిల్లు పెరుగుతుందని మార్చరు. ఛాతీ మీద వెంట్రుకల మీదే అంటిస్తారు. ఇంటి దగ్గర దగ్గుకి అమృతాంజనం రాసో, పౌడర్ చల్లో తీసుకొస్తారు, దాని మీద స్టిక్కర్ ఎలా నిలుస్తుంది? చేయాల్సిందల్లా ట్రిమ్మర్‌తో రూపాయి బిళ్ళంత జాగా తీసి, సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక గాజ్ గుడ్డతో కొంచెం రుద్ది, మధ్యలో తడి ఉందో లేదో వేలితో చూసి అంటించడం. స్పిరిట్‌తో తుడిస్తే చాలనుకుంటారు, అది చర్మాన్ని ఇంకా ఎండగడుతుంది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు.

వైర్ల రంగుల గొడవ ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఒక పద్ధతిలో ఎరుపు కుడి భుజం, పసుపు ఎడమ భుజం, ఆకుపచ్చ ఎడమ కాలి వైపు, నలుపు కుడి కాలి వైపు. అమెరికా పద్ధతిలో తెలుపు కుడి భుజం, నలుపు ఎడమ భుజం, ఎరుపు ఎడమ కాలి వైపు, ఆకుపచ్చ కుడి కాలి వైపు. మన ఐసీయూల్లో ఒకే హాల్లో రెండు రకాల మానిటర్లూ ఉంటాయి. ఎరుపు పైన పెట్టాలని అలవాటైన అమ్మాయి రెండో రకం మెషిన్ దగ్గరికెళ్ళి అలాగే పెడితే లీడ్ రెండు తలకిందులవుతుంది, మెషిన్ ఆ తలకిందుల దాన్నే మామూలు అచ్చుగా నేర్చుకుంటుంది. కేబుళ్ళు కొనేటప్పుడే అన్నీ ఒకే రంగు పద్ధతివి కొనండి అని ఎన్ని పర్చేజ్ మీటింగుల్లో చెప్పానో. రేటు తక్కువొచ్చినవి కొంటారు.

ఇక లిమిట్స్. చాలా మెషిన్లు 50, 120 లాంటి డీఫాల్ట్‌తో వస్తాయి, పేషెంట్ మారినా అవే ఉంటాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్), అంటే గుండె పై గదులు లయ తప్పి వణకడం, ఉన్న మనిషికి హార్ట్ రేట్ 110, 125, 105, 130 అని నిమిషానికోలా ఊగుతుంది, డాక్టర్‌కి తెలుసు, మందు నడుస్తోంది, కానీ మెషిన్ 120 దాటిన ప్రతిసారీ అరుస్తుంది. రౌండ్స్‌లో డాక్టర్‌ని "ఈయనకి లిమిట్ ఎంత పెట్టమంటారు" అని ఒక్క ప్రశ్న అడిగి కేస్ షీట్‌లో రాస్తే రాత్రంతా వంద అలారాలు తగ్గుతాయి. లిమిట్ పెంచితే ప్రమాదం కదా అని కొందరు డాక్టర్లు అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఎవరూ వినని అలారం 120 దగ్గర ఉండటం కంటే అందరూ విని పరిగెత్తుకొచ్చే అలారం 140 దగ్గర ఉండటం ఎక్కువ రక్షణ అని నేను నమ్ముతా. అయితే ఆ అంకె చెప్పాల్సింది డాక్టర్, నేనూ కాదు, ఆ గోలకి విసిగిపోయిన అటెండెంటూ కాదు.

ఏఐ వస్తోంది, అన్నీ అదే చూసుకుంటుంది అని కంపెనీల వాళ్ళు డెమోల్లో చెప్తుంటారు. రావాలి, వస్తే సంతోషమే, ఉత్తి అలారాలు తగ్గించడానికి 2015లో ఫిజియోనెట్ అనే సంస్థ ప్రపంచవ్యాప్తంగా పోటీ కూడా పెట్టింది, ఈసీజీతో పాటు పల్స్ గీతల్ని కూడా కలిపి చూస్తే చాలా ఉత్తివి ఏరెయ్యొచ్చని అందులో తేలింది. కానీ ఎండిన జెల్ నుంచి వచ్చిన గీతలో లేని బీట్‌ని ఏ ఏఐ కూడా పుట్టించలేదు, పుట్టించకూడదు కూడా. యాభై లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొంటాం అంటారు, షిఫ్ట్‌కి ఒక టెక్నీషియన్‌ని స్టిక్కర్లకీ లిమిట్లకీ పెట్టండి అంటే బడ్జెట్ లేదంటారు.

మీ వాళ్ళు ఐసీయూలో ఉంటే ఒక మాట. అంకె చూసి కంగారు పడకండి, మీ మనిషి మొహం చూడండి, ఊపిరి చూడండి. సైలెన్స్ బటన్ మాత్రం మీరు నొక్కొద్దు. స్టిక్కర్ అంచు లేచినట్టు కనపడితే, వైరు కింద వేలాడుతుంటే, పేస్‌మేకర్ ఉన్న సంగతి కేస్ షీట్‌లో రాశారో లేదో అనుమానం వస్తే సిస్టర్‌కి మర్యాదగా చెప్పండి, ఆవిడకి అది సాయమే.

ఆరో బెడ్ రాత్రి తర్వాత నేను రిజిస్టర్లో "వర్కింగ్ ఫైన్" అని రాయడం మానేశా. ఎందుకు అరిచిందో కారణం దొరికేదాకా బెడ్ దగ్గర్నుంచి కదలను, దొరికింది రాస్తా. మొదట్లో మా హెడ్ ఇంత రాత ఎందుకయ్యా అన్నారు, ఇప్పుడు నెలాఖరు మీటింగ్‌కి ఆ పేజీలే పట్టుకెళ్తున్నారు, రెండో ఐసీయూలో డే షిఫ్ట్‌కి ఒక టెక్నీషియన్‌ని ఇచ్చారు, నైట్‌కి ఇంకా అడుగుతున్నాం. నిన్న రాత్రి పేజీ ఇలా ఉంది. రెండో బెడ్, జెల్ ఎండింది, మూడూ మార్చాం. ఐదో బెడ్, పేషెంట్ ఏఎఫ్, డాక్టర్ గారు పై లిమిట్ 140 రాశారు, పెట్టాం. తొమ్మిదో బెడ్, చెమటకి కుడి భుజం స్టిక్కర్ జారింది, తుడిచి కొత్తది. ఏడో బెడ్, పేస్‌మేకర్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది, సిస్టర్‌కి చెప్పి ఆన్ చేశాం. నాలుగో బెడ్, తెల్లవారుజామున 4:10, వీటీ అలారం, స్టిక్కర్లు బాగున్నాయి, పల్స్ గీత కూడా పడిపోయింది, మానిటర్ సరిగ్గానే అరిచింది, సిస్టర్ అప్పటికే మంచం దగ్గరుంది.